ఫోన్‌లో వచ్చిన పన్ను

నాంపల్లి రైల్వే స్టేషన్‌కు దగ్గరలో ఒక గల్లీ. ఆ గల్లీలో ఒక చిన్న కుట్టు దుకాణం. ఆ దుకాణం నడిపే ఆమె పేరు యాదమ్మ అనుకుందాం.

యాదమ్మ జాకెట్లు కుడుతుంది. లంగాలు కుడుతుంది. చీరలకు ఫాల్స్ వేస్తుంది. అబిడ్స్‌లోని బట్టల దుకాణాల వాళ్లు ఆమెకు పని ఇస్తారు. జనవరి వచ్చిందంటే నాంపల్లిలో నుమాయిష్ మొదలవుతుంది. ఊళ్ల నుంచి జనం వస్తారు. దుకాణాలకు గిరాకీ పెరుగుతుంది. యాదమ్మకు చేతినిండా పని దొరుకుతుంది.

యాదమ్మకు మొదట చదువు రాదు. రాత్రి బడికి పోయి నేర్చుకుంది. ఇప్పుడు దుకాణాల బోర్డులు చదువుతుంది. జాకెట్ కొలతలు తనే రాసుకుంటుంది. కూతురు ఇంగ్లీషు అక్షరాలు కూడా నేర్పింది. వాటిని కూడబలుక్కుని చదువుతుంది.

ఫోన్‌తో డబ్బు పంపడం కూడా యాదమ్మకు వచ్చు. కాని చదివి పంపదు. వేలు ఎక్కడ పెట్టాలో గుర్తు పెట్టుకుంది. అంతే.

ఆమె బ్యాంకు ఖాతాలో 46 వేల రూపాయలు ఉన్నాయి. అవి కూతురి నర్సింగ్ చదువు ఫీజు. మూడేళ్ల కష్టం.

ఆ ఫోన్

ఒకరోజు ఉదయం 11 గంటలకు ఫోన్ మోగింది.

"యాదమ్మగారేనా? ఇన్‌కమ్ ట్యాక్స్ ఆఫీసు నుంచి మాట్లాడుతున్నాను" అన్నాడు ఒక మనిషి.

యాదమ్మ మిషన్ ఆపింది. "అవును సార్. ఏందో చెప్పండి."

"మీ పాన్ కార్డు నంబరు ఇదే కదా?" అని ఆయన నంబరు చదివాడు. యాదమ్మ తన కార్డు తీసి చూసింది. పది అక్షరాలూ సరిపోయాయి. ఆమె గుండె ఝల్లుమంది.

"మీ పేరు మీద లక్షల వ్యాపారం నడుస్తోంది. మీరు పన్ను కట్టలేదు. మీ మీద కేసు అయింది. సాయంత్రం 5 గంటలకు పోలీసులు వస్తారు. మీ ఖాతా మూసేస్తాం."

"నేను జాకెట్లు కుట్టుకునేదాన్ని సార్. నాకు లక్షలెక్కడివి?"

"అదంతా కోర్టులో చెప్పుకోండి. ఇప్పుడే డబ్బు కడితే కేసు ఆపుతాం. తప్పు లేదని తేలితే డబ్బు వాపసు ఇస్తాం. ఖాతాలో ఎంత ఉంది?"

భయంలో యాదమ్మ నిజం చెప్పింది. "46 వేలు."

"ముందు 10 వేలు పంపండి. ఫోన్ కట్ చేయొద్దు. ఎవరికీ చెప్పొద్దు. చెబితే వాళ్ల మీద కూడా కేసు అవుతుంది."

వాట్సాప్‌లో ఒక కాగితం వచ్చింది. దాని మీద మూడు సింహాల ముద్ర ఉంది. కింద సంతకం ఉంది. యాదమ్మ దుకాణం తలుపు సగం మూసింది. చెమటలు పట్టాయి. ఆయన చెప్పిన నంబరుకు 10 వేలు పంపింది.

"ఇంక 36 వేలు" అన్నాడు ఆయన.

యాదమ్మ చదివింది

యాదమ్మకు కూతురు గుర్తుకొచ్చింది. వేలు ఆగింది. ఈసారి ఆమె ఫోన్ తెరను పరీక్షగా చూసింది. డబ్బు ఎవరికి పోతుందో అక్కడ పేరు కనిపిస్తుంది. అక్షరం అక్షరం కూడబలుక్కుంది.

అక్కడ ఆదాయపు పన్ను శాఖ పేరు లేదు. ఎవరో ఒక మగమనిషి పేరు ఉంది.

"సార్, ఇది ఎవరి పేరు?"

"మా క్యాషియర్ పేరమ్మా. త్వరగా కానీయండి."

"సర్కారు పైసలు క్యాషియర్ సొంత ఖాతాల ఎందుకు పడతయి సార్?"

ఆయన గొంతు పెంచాడు. తిట్టాడు. యాదమ్మ ఫోన్ కట్ చేసింది. మళ్లీ మళ్లీ మోగింది. ఆమె ఎత్తలేదు.

అప్పుడే పక్క దుకాణం సరోజ జాకెట్ కోసం వచ్చింది. "ఏందక్కా, మొహం గట్ల అయింది?" అని అడిగింది. యాదమ్మ ఏడుస్తూ అంతా చెప్పింది.

"ఏడ్వకు అక్కా. ముందు 1930కి ఫోన్ చెయ్" అంది సరోజ.

యాదమ్మ 1930కి ఫోన్ చేసింది. డబ్బు పోయి అప్పటికి అరగంట కూడా కాలేదు. వాళ్లు అడిగినవన్నీ చెప్పింది. ఫిర్యాదు నంబరు ఇచ్చారు. దాన్ని కొలతల పుస్తకంలో రాసుకుంది.

ఆ 10 వేలు వస్తాయో రావో ఇంకా తెలియదు. 36 వేలు మాత్రం మిగిలాయి. చదవబట్టి మిగిలాయి.

పాన్ నంబరు ఆయనకు ఎలా తెలిసింది?

యాదమ్మను నమ్మించింది ఆ నంబరే. "సర్కారు మనిషి కాకపోతే నా నంబరు ఎట్ల తెలుస్తది?" అనుకుంది.

మనం పాన్ కార్డు జిరాక్స్‌లు ఎన్ని చోట్ల ఇస్తాం? బ్యాంకులో ఇస్తాం. అప్పు కోసం ఇస్తాం. వస్తువులు వాయిదాల మీద కొన్నప్పుడు ఇస్తాం. ఆ కాగితాలు చేతులు మారవచ్చు. అక్కడి నుంచి మోసగాళ్లకు చేరవచ్చు. కాబట్టి మన పేరు, మన నంబరు తెలిసినంత మాత్రాన ఆ మనిషి సర్కారు మనిషి కాడు.

మూడు సింహాల ముద్రను కూడా కంప్యూటర్‌లో ఎవరైనా అతికించవచ్చు. ఫోన్ తెర మీద కనిపించే పేరు, ఫొటో కూడా మార్చుకోవచ్చు. వాటిని చూసి నమ్మకూడదు.

అసలు యాదమ్మ పన్ను కట్టాలా?

ఒక లెక్క చేద్దాం. యాదమ్మకు ఖర్చులు పోను నెలకు 14 వేలు మిగులుతాయి. సంవత్సరానికి ఎంత?

14,000 × 12 = 1,68,000

అంటే లక్షా 68 వేలు.

ఆదాయపు పన్ను కేంద్ర ప్రభుత్వానిది. 2025 ఏప్రిల్ 1 నుంచి అమలైన కొత్త పద్ధతి ప్రకారం ఏటా 4 లక్షల వరకు ఆదాయానికి పన్ను లేదు. ఆదాయం 4 లక్షలు దాటితే రిటర్ను వేయాలి. రిటర్ను అంటే మన ఆదాయం లెక్క ప్రభుత్వానికి చెప్పే పత్రం. కుట్టుపని వంటి మామూలు సంపాదన 12 లక్షల వరకు ఉన్నా, రాయితీ వల్ల కట్టాల్సిన పన్ను ఏమీ ఉండదు.

జీఎస్టీ వేరే పన్ను. అది వస్తువుల మీద, సేవల మీద వేసేది. కుట్టుపని వంటి సేవలు చేసేవారికి ఏడాదికి వచ్చే మొత్తం 20 లక్షలు దాటితే జీఎస్టీలో పేరు నమోదు చేసుకోవాలి.

ఇప్పుడు చెప్పండి. లక్షా 68 వేలు ఎక్కడ? 4 లక్షలు ఎక్కడ? తన లెక్క తనకు తెలిస్తే భయం సగం పోతుంది.

నిజమైన పన్ను శాఖ ఎలా పని చేస్తుంది?

పన్ను శాఖ కాగితం మీద పని చేస్తుంది. నోటీసు పంపుతుంది. అది తపాలాలో రావచ్చు, మనం ఇచ్చిన ఈ-మెయిల్‌కు రావచ్చు. శాఖ వెబ్‌సైట్‌లో మన ఖాతాలో కూడా కనిపించవచ్చు. జవాబు చెప్పుకోవడానికి గడువు ఇస్తారు. "సాయంత్రంలోగా" అని గొంతు మీద కూర్చోరు.

2019 అక్టోబర్ 1 నుంచి ఆదాయపు పన్ను శాఖ తన నోటీసుల మీద, ఉత్తరాల మీద ఒక గుర్తింపు నంబరు వేస్తోంది. దాన్ని డిన్ అంటారు. ఆ నంబరును శాఖ వెబ్‌సైట్‌లో వేసి చూస్తే నోటీసు నిజమో కాదో తెలుస్తుంది. కూతురో, కొడుకో, చదువుకున్న పక్కింటివారో చూసి పెట్టవచ్చు.

వెబ్‌సైట్ పేరు ఇన్‌కమ్‌ట్యాక్స్ డాట్ గవ్ డాట్ ఇన్. చివర చూడండి. జి, ఓ, వి అనే అక్షరాలు ఉండాలి. తర్వాత చుక్క. తర్వాత ఐ, ఎన్ ఉండాలి. ఆ తర్వాత డాట్ కామ్ వంటి తోకలు ఉంటే అది దొంగది.

పన్ను కట్టాలంటే ఆ వెబ్‌సైట్ ద్వారా చలానా తీసి కట్టాలి. లేదా ఆ చలానాతో బ్యాంకులో కట్టాలి. ఏ అధికారి సొంత నంబరుకూ డబ్బు పంపే పద్ధతి లేదు.

మనకు పన్ను డబ్బు వాపసు రావాల్సి ఉంటే అది నేరుగా మన బ్యాంకు ఖాతాలో పడుతుంది. "వాపసు కావాలంటే ఈ లింకు నొక్కండి, ఓటీపీ చెప్పండి" అంటే అది మోసం. బ్యాంకు పిన్, పాస్‌వర్డ్, ఓటీపీ శాఖ అడగదు.

నిజమైన ఫోన్ రాదా?

రావచ్చు. రిటర్ను వేసిన వారికి గుర్తు చేయడానికి శాఖ నుంచి మెసేజ్ రావచ్చు. ఫోన్ కూడా రావచ్చు. అందుకని ప్రతి ఫోన్‌నూ తిట్టి పెట్టేయకూడదు. పరీక్ష పెట్టాలి.

ఇలా అడగండి:

"సార్, మీ పేరేంది? మీ ఆఫీసు ఎక్కడ? నోటీసు పంపినారా? దాని మీద డిన్ నంబరు ఎంత? నేను రాసుకుంటున్న. మా ఇంట్లో అడిగి మళ్లీ చేస్త."

నిజమైన అధికారి చెబుతాడు. ఫోన్ పెట్టేసినా కోప్పడడు. మోసగాడు మాత్రం ఫోన్ కట్ చేయనివ్వడు. ఇంకొకరికి చెప్పనివ్వడు. ఆలోచించే సమయం ఇవ్వడు. ఈ మూడింటిలో ఏ ఒక్కటి కనిపించినా ఫోన్ పెట్టేయండి.

తర్వాత మీరే విచారించండి. ఫోన్ చేసినవాడు ఇచ్చిన నంబరుకు చేయవద్దు. ఆదాయపు పన్ను శాఖ సహాయ నంబరు 1800 103 0025. దీనికి చేస్తే డబ్బు పడదు.

ఆఫీసుకు మనమే పోవచ్చు

మర్నాడు సరోజ అంది, "భయం తీరాలంటే ఆఫీసు చూసొద్దాం పా అక్కా."

ఇద్దరూ బయలుదేరారు. నాంపల్లిలో సీటీ కాంప్లెక్స్ ఉంది. అది రాష్ట్ర వాణిజ్య పన్నుల శాఖ ఆఫీసు. యాదమ్మ రోజూ ఆ దారిన పోతుంది. ఆ బోర్డును ఆమె చదవడం అదే మొదటిసారి. జీఎస్టీ సంగతులు ఈ శాఖ చూస్తుంది.

అక్కడి నుంచి బషీర్‌బాగ్ పోయారు. లాల్ బహదూర్ స్టేడియం ఎదురుగా ఆయకార్ భవన్ ఉంది. ఆయకార్ అంటే హిందీలో ఆదాయపు పన్ను. మాసాబ్‌ట్యాంక్ వైపు ఏసీ గార్డ్స్‌లో ఇన్‌కమ్ ట్యాక్స్ టవర్స్ ఉంది. అదీ ఈ శాఖ ఆఫీసే.

"గింత దగ్గర ఉన్న ఆఫీసుకు భయపడి ఎవరికో పైసలు పంపిన" అంది యాదమ్మ.

నిజమే. హైదరాబాద్‌లో ఉన్నవారికి ఇది ఒక సౌకర్యం. అనుమానం వస్తే కాగితం పట్టుకుని పోవచ్చు. కౌంటర్‌లో అడగవచ్చు. అడగడం మన హక్కు.

రెండు తప్పులు

భయపడి డబ్బు పంపడం ఒక తప్పు. నిజమైన నోటీసును "ఇదీ మోసమే" అని చించి పారేయడం రెండో తప్పు. నిజమైన నోటీసుకు గడువులోగా జవాబు ఇవ్వకపోతే తర్వాత చిక్కులు వస్తాయి. కాబట్టి కాగితం ఏదైనా చించకండి. దాచండి. చదివించండి. నిజమో కాదో తేల్చుకోండి.

చదువుకున్నవారూ మోసపోయారు

ఇది చదువురాని వారికే జరిగే మోసం కాదు. అమెరికాలో కూడా జరిగింది. 2016 అక్టోబర్‌లో ముంబయి పక్కన ఉన్న మీరా రోడ్‌లో ఠాణే పోలీసులు కొన్ని కాల్ సెంటర్ల మీద దాడి చేశారు. అక్కడ కూర్చున్నవాళ్లు అమెరికాలో ఉండేవారికి ఫోన్లు చేసేవారు. "మేం అమెరికా పన్ను శాఖ. డబ్బు కట్టకపోతే అరెస్టు చేస్తాం" అని బెదిరించేవారు. అక్కడి ముసలివాళ్లు, వేరే దేశాల నుంచి పోయి బతుకుతున్నవాళ్లు ఇలాంటి ఫోన్లకు ఎందరో డబ్బు పోగొట్టుకున్నారు. పన్ను కింద బహుమతి కార్డులు కొని, వాటి నంబర్లు చెప్పమనేవారు. బహుమతి కార్డులతో పన్ను కట్టించుకునే సర్కారు ఎక్కడైనా ఉంటుందా?

మన దేశంలో ఇప్పుడు డిజిటల్ అరెస్టు అని ఇంకో మోసం నడుస్తోంది. పోలీసు వేషంలో వీడియో కాల్ చేస్తారు. ఇంట్లోనే కూర్చోబెట్టి డబ్బు లాగుతారు. 2024 అక్టోబర్ 27న ప్రధానమంత్రి నరేంద్ర మోదీ రేడియోలో మన్ కీ బాత్ ప్రసంగంలో దీని గురించి మాట్లాడారు. డిజిటల్ అరెస్టు అనేది చట్టంలో లేదని చెప్పారు. ఆగండి, ఆలోచించండి, ఆ తర్వాత చర్య తీసుకోండి అని సూచించారు.

మోసపోయినవారు సిగ్గుపడాల్సింది లేదు. సిగ్గుపడాల్సింది మోసం చేసినవాడు. సిగ్గుతో దాచిపెడితే లాభం వాడికే.

డబ్బు పోతే ఏం చేయాలి?

1. వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఇది దేశమంతటికీ ఒకటే నంబరు. ఎంత త్వరగా చేస్తే అంత మంచిది. డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు పరుగెత్తుతుంది. పూర్తిగా చేయి దాటకముందే బ్యాంకులు దాన్ని ఆపగలవు.

2. మీ బ్యాంకుకు చెప్పండి.

3. డబ్బు పంపినప్పుడు ఫోన్‌లో 12 అంకెల నంబరు ఒకటి కనిపిస్తుంది. దాన్ని రాసుకోండి. మెసేజ్‌లు చెరపవద్దు. అవే సాక్ష్యం.

4. దగ్గరి పోలీస్ స్టేషన్‌కు పోవచ్చు. అబిడ్స్‌లో ఉంది, నాంపల్లిలో ఉంది. ఒంటరిగా పోవడానికి జంకితే సంఘం అక్కలను తోడు తీసుకుపోండి.

డబ్బు పోలేదు, దొంగ ఫోన్ మాత్రం వచ్చింది. అప్పుడు? సంచార్ సాథీ వెబ్‌సైట్‌లో చక్షు అనే చోట ఆ నంబరు గురించి ఫిర్యాదు చేయవచ్చు. మీరు చేసిన ఫిర్యాదు ఇంకొక అక్కను కాపాడుతుంది.

తెలంగాణలో ఈ నేరాలు చూడడానికి 2023లో సైబర్ సెక్యూరిటీ బ్యూరో ఏర్పడింది. బ్యాంకులు ఆపిన డబ్బును 2024లో లోక్ అదాలత్‌ల ద్వారా చాలామందికి తిరిగి ఇప్పించారు. పోయిన ప్రతి రూపాయీ వస్తుందని చెప్పలేం. ఫిర్యాదు చేయకపోతే మాత్రం వచ్చే దారే ఉండదు.

యాదమ్మ దుకాణంలో

ఇప్పుడు యాదమ్మ మిషన్ ఎదురుగా గోడ మీద ఒక అట్ట ఉంది. దాని మీద తన చేతిరాతతో నాలుగు మాటలు రాసింది:

ఆగు. చదువు. అడుగు. 1930.

జాకెట్ కోసం వచ్చిన ఆడవాళ్లు "ఇదేంది అక్కా?" అని అడుగుతారు. కొలతలు తీసుకుంటూ యాదమ్మ ఈ కథంతా చెబుతుంది. తన 10 వేలు పోయిన సంగతి కూడా దాచదు.

కొత్త మాటలు

నోటీసు: ప్రభుత్వం మనకు రాతలో పంపే సమాచారం.
రిటర్ను: మన ఆదాయం లెక్క చెప్పే పత్రం.
చలానా: ప్రభుత్వానికి డబ్బు కట్టే కాగితం.
డిన్: పన్ను శాఖ తన ఉత్తరం మీద వేసే గుర్తింపు నంబరు.
ఓటీపీ: ఒక్కసారికే పనికొచ్చే రహస్య నంబరు. ఎవరికీ చెప్పకూడదు.

జవాబులు చెప్పండి

1. యాదమ్మ ఫోన్‌లోని మాటలను ఎందుకు నమ్మింది?
2. రెండోసారి డబ్బు పంపకుండా ఆమెను ఆపింది ఏమిటి?
3. మోసగాడు "ఎవరికీ చెప్పొద్దు" అని ఎందుకు అంటాడు?
4. మీకు నెలకు ఎంత మిగులుతుంది? 12తో హెచ్చించండి. అది 4 లక్షలకు ఎక్కువా, తక్కువా?

ఖాళీలు పూరించండి

1. డబ్బు పోతే వెంటనే ............ కి ఫోన్ చేయాలి.
2. నిజమైన నోటీసు మీద ............ నంబరు ఉంటుంది.
3. సర్కారు వెబ్‌సైట్ పేరు చివర ............ డాట్ ............ ఉంటుంది.

చేసి చూడండి

ఇద్దరిద్దరు కలిసి కూర్చోండి. ఒకరు మోసగాడిలా ఫోన్ చేయండి. ఇంకొకరు పరీక్ష పెట్టే ప్రశ్నలు అడగండి. తర్వాత మారండి. నవ్వు వస్తే నవ్వండి. ఇక్కడ నవ్వుతూ నేర్చుకున్నది రేపు నిజంగా ఫోన్ మోగినప్పుడు గుర్తుకొస్తుంది.